అడవి కూర తినేవాళ్లకు ఆపిల్ చార్టా?



మొన్న సెప్టెంబరులో మా ఊరి అంగన్‌వాడీ దగ్గర పోషకాహార మాసం మీటింగ్ పెట్టారు. గోడకు ఒక చార్టు తగిలించారు. దాని మీద ఆపిల్, ద్రాక్ష, క్యారెట్, బీట్‌రూట్, ఒక గ్లాసు పాలు. వచ్చిన మేడమ్ గారు కర్రతో ఒక్కొక్క బొమ్మా చూపించి, చివర్లో ఒక మాట అన్నారు. "మీలో అవగాహన లేదు. ఏం తినాలో తెలియదు. అందుకే మీకు రక్తం తక్కువ."

వెనక వరసలో మా అత్త వరసయ్యే ఒకామె కూర్చుని ఉంది. పొద్దున్నే అడవికి పోయి నేరుగా మీటింగుకే వచ్చింది. పక్కన గంప. గంపలో వెదురు కొమ్ములు, మోదుగాకులో చుట్టిన పుట్టగొడుగులు, గుప్పెడు బోడకాకర కాయలు. ఆ గంపలో ఏముందని ఎవరూ అడగలేదు. ఫొటోలు దిగారు, సంతకాలు పెట్టించుకున్నారు, వెళ్లిపోయారు.

తమ్ముడూ, చెల్లీ, ఆ రోజు నుంచి నాకు ఒక ప్రశ్న తిరుగుతూనే ఉంది. అవగాహన లేనిది ఎవరికి? గంప తెచ్చిన ఆమెకా, గంపలోకి చూడని వాళ్లకా?

ముందు ఒక నిజం ఒప్పుకుందాం. మనోళ్లకు రక్తం తక్కువన్న మాట అబద్ధం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం దేశంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు ఎదగనివాళ్లు 35.5 శాతం. ఎస్టీ పిల్లల్లో అది 40.9 శాతం. రక్తహీనత ఉన్న ఆడవాళ్లు దేశం మొత్తం మీద 57 శాతం ఉంటే ఎస్టీల్లో 64.6 శాతం. ఈ అంకెల వెనక మన అక్కలున్నారు, వదినలున్నారు. డోలీలో మోసుకెళ్తుంటే దారిలోనే పోయిన బాలింతలున్నారు. కాబట్టి "మేం అడవి బిడ్డలం, మాకేం రోగాలు రావు" అని ఆగస్టు 9న స్టేటస్ పెట్టి మురిసిపోయే పని మనకొద్దు.

కానీ ఆ అంకెలకు కారణం ఏంటన్న దగ్గరే మన కొట్లాట. వాళ్లేమో "తెలియక" అంటున్నారు. నేనేమో "అందక" అంటున్నాను. రెండిటికీ మధ్య చాలా దూరం ఉంది. తెలియక అయితే చార్టు చాలు. అందక అయితే అడవి మీద హక్కు ఇవ్వాలి. చార్టు చవక, హక్కు ఖరీదు. అందుకే చార్టే వస్తుంది.

సరే, వాళ్ల లెక్కలతోనే మాట్లాడదాం. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 2017లో వాళ్లు దేశంలోని 528 రకాల తిండి పదార్థాలను పరీక్షించి పట్టికలు వేశారు. ఆ పట్టికలు తెరిచి చూడు. 100 గ్రాముల తెల్ల బియ్యంలో కాల్షియం 8 మిల్లీగ్రాములు కూడా లేదు. అదే 100 గ్రాముల చోళ్లలో 364. మునగాకులో 314. అవిసె ఆకులో 900. పెద్ద మనిషికి రోజుకు కావాల్సింది 1000 మిల్లీగ్రాములని అదే సంస్థ చెప్తుంది. రేషన్ బియ్యం మనిషికి నెలకు 5 కిలోలు, అంటే రోజుకు 170 గ్రాములు కూడా రాదు. దాంట్లో వచ్చే కాల్షియం 13 మిల్లీగ్రాములు. మిగతాది ఎక్కడి నుంచి రావాలి? గోడ మీది ఆపిల్ నుంచి మాత్రం రాదు. ఆపిల్‌లో కాల్షియం ఉండేదే నామమాత్రం.

ఉసిరికాయ తీసుకో. 100 గ్రాములకు 250 మిల్లీగ్రాముల సి విటమిన్. బత్తాయి, కమలా దాని పక్కన నిలబడలేవు. మొర్రి పండు తిని మనం ఊసేసే గింజలోని సారపప్పు తీసుకో. అందులో సగానికి పైగా నూనె, అయిదో వంతు దాకా మాంసకృత్తులు. ఎండిన ఇప్పపువ్వు బరువులో సగానికి మించి చక్కెరలే, అంటే అది తిన్న వెంటనే బలం. పుట్టగొడుగు, వెదురు కొమ్ము, చింతచిగురు, పొన్నగంటి, తుమ్మికూర, తంటెంకూర... ఇట్లా చెప్పుకుంటూ పోతే మా ఊరి చుట్టూ వానాకాలంలో మా అమ్మ తెంపే ఆకులే పదిహేను దాటుతాయి. వాటిలో సగం పేర్లు ఆ 528లో లేవు. లేవంటే వాటిలో బలం లేదని కాదు. వాటిని ఎవరూ పరీక్షకు తీసుకెళ్లలేదని అర్థం. పరీక్ష చేయని దాన్ని పనికిరానిదని ఎట్లా అంటారు?

ఇంకో సంగతి. ఆకుల్లో ఇనుము ఉన్నంత మాత్రాన అదంతా ఒంటికి పట్టదు. పులుపు తోడైతే ఎక్కువ పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే తక్కువ పడుతుంది. ఇది ఇవాళ డాక్టర్లు చెప్పే మాట. మరి మన అమ్మలు ఆకుకూరలో చింతచిగురో, చింతపులుసో, పుల్లటి మామిడి ఒరుగో వేస్తారెందుకు? ఆకుల్లోని ఎ విటమిన్ ఒంటికి పట్టాలంటే కొంచెం నూనె ఉండాలి. కూరకు ఇప్పనూనె తాలింపు ఎందుకు? వాళ్లు బయోకెమిస్ట్రీ చదవలేదు. తరతరాలు తిని, బతికి, చూసి నేర్చుకున్నారు. దాన్ని అవగాహన అనకపోతే ఇంక దేన్ని అంటారు?

పులిదుంప సంగతి నీకు తెలిసే ఉంటుంది. పచ్చిది తింటే విషం. గొంతు మండిపోతుంది, వాంతులు, మైకం, ప్రాణం మీదికి వస్తుంది. మనోళ్లు దాన్ని చెక్కు తీసి, పల్చగా కోసి, బుట్టలో వేసి పారే వాగులో కట్టి రాత్రంతా ఉంచుతారు. తర్వాత ఉడకబెట్టి నీళ్లు పారబోస్తారు. వెదురు కొమ్ముకూ అంతే. పచ్చిదాంట్లో సైనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది. సన్నగా తరిగి, నీళ్లలో నానబెట్టి, ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే గానీ కూర కాదు. ల్యాబ్ లేకుండా, జీతం లేకుండా, ఏ పేటెంటూ లేకుండా మన ఆడవాళ్లు చేసిన పరిశోధన ఇది. ఎవరో ఒకరి ప్రాణం పోయి ఉంటేనే ఈ పద్ధతి పుట్టి ఉంటుంది. అంత ఖరీదైన చదువును పట్టుకుని "తెలియదు" అనడానికి నోరెట్లా వస్తుంది?

ఇప్పుడు క్యాలెండర్ చూడు. ఎండాకాలం మొదట్లో ఇప్పపువ్వు. తర్వాత మొర్రి, తునికి పండ్లు, ఈత పండ్లు, మామిడి. తొలకరి పడగానే లేత ఆకులు, పుట్టగొడుగులు. జూలై నుంచి వెదురు కొమ్ములు, బోడకాకర. చలికాలంలో ఉసిరి, దుంపలు. ఇందులో ఒక కిటుకు ఉంది, గమనించు. ఇంట్లో గింజలు అయిపోయేది ఎప్పుడు? విత్తనం వేశాక, పంట చేతికి రాకముందు, వానాకాలం మధ్యలో. సరిగ్గా అప్పుడే అడవి ఆకుకూర, కొమ్ము, పుట్టగొడుగు ఇస్తుంది. గాదె ఖాళీ అయిన నెలల్లో అడవే మనకు గాదె. అందుకే మా పెద్దోళ్లు కరువు వచ్చినా బతికారు.

కొత్తల పండుగ సంగతీ అంతే. మామిడి కొత్త చేయకుండా మామిడికాయ ముట్టకూడదంటారు, చిక్కుడు కొత్త చేయకుండా చిక్కుడు తినకూడదంటారు. చదువుకున్న మనం మూఢనమ్మకం అని నవ్వాం. పిందెలోనే తెంపేస్తే చెట్టు మీద ఏం మిగులుతుంది? కాయ ముదరాలి, గింజ కట్టాలి, పిట్టకూ కోతికీ వాటా పోవాలి, మళ్లీ మొలక రావాలి. ఊరంతా ఒకే రోజు మొదలుపెడితే బలమున్నోడు ముందే దోచుకునే వీలుండదు. పండుగ పేరుతో ఊరు పెట్టుకున్న అడవి చట్టం అది. ఫారెస్ట్ వర్కింగ్ ప్లాన్ కంటే పాతది.

మరి ఇంత తిండి ఉంటే రక్తం ఎందుకు తక్కువైంది? అడుగు. అడగాల్సిందే. ఈ తిండిని ఎవరెవరు ఎట్లా లాక్కున్నారో చెప్తాను.

ఒకటి, చట్టం. తెల్లోళ్ల కాలంలో 1892లో బొంబాయి రాష్ట్రంలో ఇప్పపువ్వు మీదే ఒక చట్టం తెచ్చారు. థానా, కొలాబా జిల్లాల్లో ఆదివాసీ తన ఇంటి తిండిని ఇంట్లో పెట్టుకుంటే నేరం. కారణం? ఇప్పసారా వల్ల సర్కారు సారా ఆదాయం పడిపోతోందని. మనిషి ఆకలి కంటే ఖజానా పెద్దది. తెల్లోళ్లు పోయారు గానీ ఆ బుద్ధి పోలేదు. వెదురు గడ్డి జాతి అని బడి పిల్లోడికి కూడా తెలుసు. 1927 అటవీ చట్టంలో మాత్రం 2017 దాకా అది "చెట్టు". అంటే కొమ్ము విరిస్తే చెట్టు నరికినట్టు.

రెండు, తోటలు. సహజమైన అడవిని కొట్టి టేకు, నీలగిరి పెట్టారు. కాగితాల్లో అది అడవే. శాటిలైట్ ఫొటోలో పచ్చగానే ఉంటుంది. నీలగిరి తోటలోకి గంప పట్టుకుని పోయి చూడు. ఏం దొరుకుతుంది? తీగ లేదు, దుంప లేదు, పుట్టగొడుగు లేదు. పోడు భూముల్లో మొక్కలు నాటుతూ దాన్ని హరితం అన్నారు. సామ, కొర్ర, కంది, దుంప కలిసి పెరిగిన చేను పోయి ఒకే రకం కర్ర వచ్చింది. ఆ పచ్చదనం మన విస్తట్లోకి రాదు.

మూడు, పత్తి. ఇందులో మన తప్పూ ఉంది, దాచను. ఆదిలాబాద్ నుంచి భద్రాచలం దాకా జొన్న చేలు పత్తి చేలయ్యాయి. అప్పిచ్చినోడు పత్తికే ఇస్తాడు. కలుపు తీసే కూలి ఖర్చు ఎక్కువని గడ్డి మందు కొడుతున్నాం. మనం కలుపు అంటున్నది ఏంటి? గునుగు, చెంచలికూర, తోటకూర, పావిలి. బతుకమ్మలో పేర్చే గునుగు లేతగా ఉన్నప్పుడు కూర. మా అమ్మ కలుపుకు పోతే సాయంత్రం ఒడి నిండా కూర తెచ్చేది. ఇప్పుడు మందు కొట్టిన చేలో నుంచి తెచ్చుకుంటే అది కూర కాదు, విషం. కూలీ ఖర్చు మిగిలిందనుకున్నాం. కూర పోయిన లెక్క ఎవరు రాశారు?

నాలుగు, పోలవరం. లక్షకు పైగా కుటుంబాలు నిర్వాసితులు. అందులో ఎక్కువ మంది కోయలు, కొండరెడ్లు. కాలనీల్లో ఇళ్లు కట్టారు. ఇంటికి ఇంత, ఎకరానికి ఇంత అని లెక్క కట్టారు. గోదావరి ఒడ్డున కొండల్లో తరతరాలుగా తవ్వుకున్న దుంపలకు, జీలుగ చెట్టుకు, వాగులో చేపకు లెక్క ఏది? 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్ చదువు. ఆదివాసీలను కదిలిస్తే వాళ్ల అవసరానికి సరిపడా వంట చెరకు, పశువుల మేత, కలపేతర అటవీ ఉత్పత్తులను అయిదేళ్లలో వేరే చోట అభివృద్ధి చేసే ప్రణాళిక ఉండాలని అందులో రాసి ఉంది. కాలనీకి పోయి ఒక ముసలామెను అడుగు, ఇక్కడ కూరకు ఎక్కడికి పోతావని. దుకాణానికి పోతాను అంటుంది. డబ్బులుంటే.

ఇట్లా నాలుగు వైపుల నుంచీ లాక్కున్నాక, ఖాళీ అయిన గంపను చూపించి "మీకు తినడం తెలియదు" అంటున్నారు.

ఇది కొత్త అలవాటు కాదు. 2001లో ఒడిశా రాయగడ జిల్లా కాశీపూర్‌లో మన ఆదివాసీలు చనిపోయారు. ఆకలి చావులని జనం అన్నారు. కావు, మామిడి టెంకల అంబలి తాగి చనిపోయారు, అది వాళ్ల తిండి అలవాటు అని ప్రభుత్వం అంది. మామిడి టెంక మన ఏజెన్సీలో కూడా తింటారు. పిండి కొట్టి, వాగు నీళ్లలో కడిగి, వగరు పోయాక కాస్తే అది కరువులో ప్రాణం నిలిపే అంబలి. నిల్వలో తడి తగిలి బూజు పడితే అదే ప్రాణం తీస్తుంది. బూజు పట్టిన టెంకలను కూడా పారేయలేని స్థితి ఇంట్లో ఎందుకు వచ్చింది? అది ప్రశ్న. దాన్ని వదిలేసి టెంక మీద నేరం మోపారు. ఆకలిని అలవాటుగా మార్చేస్తే ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు కదా!

ఇప్పుడు బలవర్ధక బియ్యం సంగతికి వద్దాం. 2021 ఆగస్టు 15న ఎర్రకోట మీద ప్రకటించారు. రేషన్, అంగన్‌వాడీ, మధ్యాహ్న భోజనం అన్నిట్లో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన బియ్యం. 2024 అక్టోబరులో కేంద్ర కేబినెట్ దాన్ని 2028 డిసెంబరు దాకా పొడిగించింది. ఖర్చు 17,082 కోట్లు. ముందుగా ఒక మాట. అది ప్లాస్టిక్ బియ్యం కాదు. నీళ్ల మీద తేలే ఆ గింజలు బియ్యప్పిండిలో విటమిన్లు కలిపి చేసినవే. వాట్సాప్‌లో వచ్చిందని ఏరి పారేయకండి, రేషన్ మానేయకండి. పుకారుతో కొట్లాడితే మనమే ఓడిపోతాం.

కానీ అసలు ప్రశ్నలు వేరే ఉన్నాయి. మన ఆదివాసీల్లో సికిల్ సెల్ ఎక్కువ. అందుకే కదా 2023 జూలైలో మధ్యప్రదేశ్ షహడోల్‌లో దాని నిర్మూలనకు జాతీయ మిషన్ మొదలుపెట్టారు. 2018 నాటి ఫోర్టిఫికేషన్ నిబంధనల్లోనే, సికిల్ సెల్ ఉన్నవాళ్లు ఇనుము కలిపిన ఆహారం తీసుకోవద్దని, తలసేమియా ఉన్నవాళ్లు డాక్టర్ పర్యవేక్షణలో తీసుకోవాలని సంచి మీద రాయమన్నారు. తర్వాత హాని లేదని కమిటీ చెప్పిందంటూ ఆ హెచ్చరికనే తీసేశారు. హాని ఉందా లేదా అన్నది డాక్టర్లు తేల్చాలి, నేను డాక్టర్ని కాదు. నేను అడిగేది ఒక్కటే. ఏ గ్రామసభలో మమ్మల్ని అడిగారు? కొండ మీద సికిల్ సెల్ ఉన్న పిల్లోడి ఇంటికి వేరే బియ్యం కావాలంటే ఏ డీలర్ దగ్గర దొరుకుతుంది? ఊరి చుట్టూ ఉన్న ఆకుకూరల మీద పదో వంతు కూడా పెట్టని డబ్బు మిల్లుల్లో గింజలు కలపడానికి ఎట్లా వచ్చింది?

మన తిండికి విలువ లేదని చెప్పే లోకమే ఇంకో వైపు దాన్ని డబ్బాల్లో అమ్ముతోంది. మునగాకు పొడి, ఉసిరి పొడి, చిరుధాన్యాల బిస్కెట్లు, అడవి తేనె. పేరు సూపర్ ఫుడ్. ఒకప్పుడు మనోళ్ల దగ్గర సారపప్పు తీసుకుని బదులు ఉప్పు కొలిచి ఇచ్చేవాళ్లు. ఇప్పుడు ఉప్పు బదులు కొంచెం డబ్బులిస్తున్నారు, అంతే తేడా. 2002 జీవవైవిధ్య చట్టంలో మన జ్ఞానాన్ని వాడుకుంటే లాభంలో వాటా ఇవ్వాలని ఉంది. 2023 సవరణలో పుస్తకాలకెక్కిన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవాళ్లకు ఆ బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చారు. పుస్తకంలో ఎక్కిన ఆ జ్ఞానం ఏ అవ్వ నోటి నుంచి వచ్చిందో పుస్తకంలో ఉండదు.

"అయితే ఏంటన్నా, గుడ్డు, పాలు, మందులు వద్దా? మళ్లీ అడవిలో దుంపలు తవ్వుకుని బతకమంటావా?" అని నువ్వు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. ఈ వాదాన్ని మన మీదికే తిప్పే వాళ్లున్నారు కూడా. "ఆదివాసీలకు అడవిలో అన్నీ ఉన్నాయి, వాళ్లకు రేషన్ ఎందుకు, అంగన్‌వాడీ ఎందుకు" అంటారు. వాళ్లకు నా జవాబు ఇది. గుడ్డు కావాలి, రోజూ కావాలి, కుళ్లింది కాకుండా కావాలి. పాలు కావాలి. పప్పు, నూనె రేషన్‌లో కావాలి. రక్తం తక్కువ కావడానికి తిండి ఒక్కటే కారణం కాదు. మలేరియా ఉంది, కడుపులో నులిపురుగులున్నాయి, చిన్న వయసు పెళ్లిళ్లు, వెంటవెంటనే కాన్పులున్నాయి. వాటికి డాక్టర్ కావాలి, రోడ్డు కావాలి, మంచినీళ్లు కావాలి. గర్భిణికి ఇచ్చే ఐరన్ మాత్ర వేసుకోవాల్సిందే. తోటకూర తిన్నాను కదా అని మాత్ర పారేయొద్దు. సికిల్ సెల్ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడిగే వేసుకోవాలి. ఇవన్నీ ప్రభుత్వం బాధ్యత. అడవి తిండి మన హక్కు. ఒకటి ఇస్తున్నామని రెండోది లాక్కోవడానికి వీల్లేదు. రెండోది ఉంది కదా అని మొదటిది ఎగ్గొట్టడానికీ వీల్లేదు.

ఇప్పుడు మన సంగతి. సర్కారును తిట్టడం తేలిక, ఇది కష్టం.

ఆశ్రమ పాఠశాలలో చదివే రోజుల్లో మా అమ్మ శనివారం సంతకు వచ్చి నాకు ఉడకబెట్టిన దుంపలు ఇచ్చి పోయేది. తోటి పిల్లలు చూస్తారని నేను వాటిని హాస్టల్ వెనక్కి తీసుకుపోయి పారేసేవాణ్ని. వచ్చే డబ్బుల్లో కుర్‌కురే కొనేవాణ్ని. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఎవరూ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. పాఠ్యపుస్తకంలో మా కూర పేరు ఒక్కటీ లేదు, హాస్టల్ పళ్లెంలో లేదు, టీవీలో లేదు. ఎక్కడా లేనిది తక్కువదని నేనే అనుకున్నాను. నీకూ ఇట్లాంటిది ఒకటి ఉండి ఉంటుంది. సిగ్గుపడాల్సింది మనం కాదని తెలిసే సరికి సగం పేర్లు మర్చిపోయాం.

మా నాయనమ్మ తరానికి తెలిసిన ఆకుల్లో సగం మా అమ్మకు తెలుసు. అందులో సగం నాకు. నా తర్వాత? ఒక ముసలామె పోయినప్పుడల్లా ఒక పుస్తకం కాలిపోయినట్టే. పైగా ఆ పుస్తకానికి ఇంకో కాపీ లేదు.

కాబట్టి తమ్ముడూ, చెల్లీ, ఇక మాటలు చాలు. పని చెప్తాను.

మొదటిది, ఈ వానాకాలం సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మతోనో నాయనమ్మతోనో నాలుగు రోజులు అడవికి పో. ఆకు పేరు మన భాషలో రాసుకో. కోయలో, గోండిలో, కొలామిలో, సవరలో, కువిలో. ఏ నెలలో వస్తుంది, ఏ భాగం తింటారు, ఎట్లా విషం తీస్తారు, బాలింతకు పెడతారా పెట్టరా, అన్నీ రాయి. ఫొటో తియ్యి. అరుదైన దుంప ఎక్కడ ఉందో మాత్రం లొకేషన్ పెట్టకు. రేపు లారీ వస్తుంది. పుట్టగొడుగుల విషయంలో వీడియో చూసి సాహసం చేయకు. పెద్దోళ్లు చూసి సరే అన్నదే తిను.

రెండోది, ప్రతి పంచాయతీలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలని 2002 చట్టం చెప్తుంది. మీ పంచాయతీది చూపించమని అడుగు. ఎవరో ఆఫీసులో కూర్చుని నింపి ఉంటే గ్రామసభలో నిలదీయి. ఆ రిజిస్టర్‌లో మన ఆడవాళ్లు చెప్పిన పేర్లు ఉండాలి.

మూడోది, అటవీ హక్కుల చట్టం. 2006 చట్టం మూడో సెక్షన్ చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద మనకు యాజమాన్య హక్కు ఇచ్చింది. ఆ ఉత్పత్తులంటే ఏవో రెండో సెక్షన్‌లో రాశారు. వెదురు ఉంది, తేనె ఉంది, వేర్లు, దుంపలు ఉన్నాయి. అవును, దుంప అన్న మాట పార్లమెంటు చేసిన చట్టంలో ఉంది. బీటాఫీసర్ గంప దించమంటే ఆ కాగితం చూపించు. వ్యక్తిగత పట్టాతో ఆగిపోవద్దు. ఊరి ఉమ్మడి అడవికి సాముదాయక హక్కు పత్రం కోసం క్లెయిమ్ పెట్టండి. అది చేతిలో ఉంటే నీలగిరి నాటాలా, మొర్రి చెట్టు ఉంచాలా అన్నది గ్రామసభ చెప్తుంది.

నాలుగోది, ఐటీడీఏ ముందు మన డిమాండ్లు ఇవి:

ఆశ్రమ పాఠశాలల్లో, అంగన్‌వాడీల్లో వారానికి కనీసం మూడు రోజులు స్థానిక ఆకుకూరలు, చిరుధాన్యాలు, దుంపలు పెట్టాలి. వాటిని కాంట్రాక్టర్ దగ్గర కాదు, ఊరి మహిళా సంఘాల దగ్గర న్యాయమైన ధరకు కొనాలి. ఇది కలేం కాదు. ఉట్నూరులో మన గోండు అక్కలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి చూపించారు.

మన ఏజెన్సీ ఆకులను, దుంపలను పోషకాహార సంస్థ పరీక్షించాలి. ఫలితాలు తెలుగులో, మన భాషల్లో గ్రామసభకు ఇవ్వాలి. ఆ జ్ఞానం ఊరి పేరు మీదే ఉండాలి.

సికిల్ సెల్ ఉన్న కుటుంబాలకు డాక్టర్ సలహా ప్రకారం మామూలు బియ్యం ఎంచుకునే వీలు ఉండాలి.

పోడు, అటవీ హక్కుల భూముల్లో తోటలు నాటడం ఆపాలి. పోలవరం కాలనీలకు 41వ సెక్షన్ ప్రకారం ఏం చేశారో లెక్క చెప్పాలి.

అంగన్‌వాడీ గోడ మీద ఆపిల్ చార్టు తీసి మన కూరల చార్టు పెట్టాలి. అది వాళ్లు వేయకపోతే మనమే వేద్దాం. డ్రాయింగ్ వచ్చిన తమ్ముళ్లు మెసేజ్ పెట్టండి.

చివరిగా ఆ మీటింగు సంగతి. మేడమ్ వెళ్లిపోయాక నేను అత్త దగ్గరికి పోయి అడిగాను, "ఆమె అట్లా అంటే నువ్వేం మాట్లాడలేదేంటి?" అని. అత్త గంప నెత్తికెత్తుకుంటూ అంది, "ఏం చెప్తాం బిడ్డా, ఆమెకు ఇవి తెలియవు కదా. పాపం, ఆకలితో వచ్చినట్టుంది, రెండు ముద్దలు తిని పొమ్మంటే వినలేదు."

అవగాహన ఎవరికి ఉందో నువ్వే చెప్పు.

అడవి మనది. గంప మనది. గంపలోకి చూడనివాళ్లు ఇకనైనా చూసేలా చేద్దాం.

జై ఆదివాసీ! జల్, జంగల్, జమీన్ మనదే!